స్థాయికి తగిన పాఠం

ప్రశ్న: ఆరో తరగతికి తెలుగు చెబుతున్నాను. వాచకానికి అదనంగా చదివించే కథ పిల్లల స్థాయికి సరిపోతుందో లేదో ఎలా తెలుసుకోవాలండీ?
– ఒక ఉపాధ్యాయిని, పాలకొల్లు

జవాబు: కథలోంచి 100 మాటల భాగాన్ని ఒక సగటు విద్యార్థి చేత బిగ్గరగా చదివించి చూడండి, తడబడినవి 5 లోపు ఉంటే మీ సాయంతో తరగతిలో చదవవచ్చనీ, 10 దాటితే పిల్లలు విసిగిపోతారనీ ఇంగ్లీషు పఠన బోధనలో చాలాకాలంగా ఉన్న లెక్క. తెలుగుకు ఇది యథాతథంగా అతకదు. ‘వెళ్ళలేకపోయినందువల్ల’ ఒక్క మాటే అయినా పిల్లవాడు అందులో రెండు మూడు చోట్ల ఆగుతాడు. ‘స్వాతంత్ర్యం’లోని ఒత్తుల దగ్గర తడబడినవాడికి దాని అర్థం తెలిసే ఉండవచ్చు. అందుచేత పలకలేనివాటినీ అర్థం కానివాటినీ వేరువేరుగా లెక్కించి, రెండోవాటికే ఎక్కువ విలువ ఇవ్వండి. మాండలికం ఉందని మాత్రం మంచి కథను పక్కన పెట్టకండి; తెలంగాణ కథలో సొరకాయ కనిపిస్తే, అది మన ఆనపకాయేనని మీ పిల్లల్లోనే ఎవరో ఒకరు చెబుతారు.