మరదలి బాకీలు

చిరంజీవి తమ్ముడికి, అన్న ఆశీర్వదించి రాయునది.

మరదలి పన్నెండో రోజు భోజనాలయ్యాక నన్ను బస్సెక్కించడానికి చిత్తూరు బస్టాండుకు వచ్చి నువ్వొక మాట అన్నావు. "నలభై ఒక్క ఏళ్ళు కాపురం చేసింది అన్నా, ఆమె పేరు నిలబడేట్టు ఏమన్నా చెయ్యాల" అని. అంతలో బస్సు కదిలిపోయింది. తిరుపతి చేరేదాకా అదే ఆలోచన. మీ వదిన పోయి ఆరేళ్ళయింది కదా, నేను చేసినవీ, చేసి చెడగొట్టుకున్నవీ రాస్తున్నాను.

పాలరాతి విగ్రహం పెట్టమని, బడికి గది కట్టించి పేరు రాయించమని చెప్పేవాళ్ళు ఇప్పుడు నీ చుట్టూ చాలామంది ఉంటారు. ఏడాది దాకా ఎవరికీ మాటివ్వద్దు. మరదలు సగంలో వదిలిపోయిన పనులేమున్నాయో ముందు చూడు.

మీ వదిన పోయిన రెండో నెలలో బియ్యం డ్రమ్ము అడుగున ఒక పసుపు గుడ్డ మూట దొరికింది. విప్పితే పదకొండు రూపాయి బిళ్ళలు, పసుపు పట్టి నల్లబడినాయి. ముడుపు! ఎప్పుడు కట్టిందో, దేనికి కట్టిందో నాకు తెలీదు. ఆమెతో నలభై మూడేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నవాణ్ణి. పెద్దమ్మాయికీ తెలీదు. చివరికి పక్కింటామె చెప్పింది, నా గుండె ఆపరేషన్ నాడు కట్టిందంట. నేను కోలుకున్నాక ఎందుకు చెల్లించలేదమ్మా అంటే, "ఆయన బీడీ మానేదాకా గండం తీరినట్టు కాదు అనేది సార్" అంది. నేను మానలేదు. ఆమె పోయినాక మానినాను, అది వేరే కథ.

మన ఇళ్ళల్లో ఏటి సూతకంలో కొండెక్కరు కదా. ఆ ఏడాదంతా రాత్రిపూట మిద్దెమీద కూర్చుంటే ఘాట్ రోడ్డు లైట్లు కనబడేవి, జేబులో ముడుపు ఉండేది. మాసికాలు కొండ కిందే, కపిలతీర్థంలో పెట్టించినాను. సంవత్సరీకం అయిన మూడో రోజు బస్సులో పోయి హుండీలో వేసి వచ్చినాను. ఆయన వడ్డీకాసులవాడు, ఆమె బాకీ నా చేత్తో తీరింది. ఆ పూట నిమ్మళంగా నిద్రపోయినాను.

అందుకే చెబుతున్నా, మరదలి అక్కచెల్లెళ్ళను, పాలామెను, ఎదురింటివాళ్ళను కూర్చోబెట్టి అడుగు. గంగమ్మకు పొంగలి మొక్కుకుందేమో, చీటీ ఎన్ని నెలలు మిగిలుందో, ఎవరికి చేబదులిచ్చిందో, ఎవరి దగ్గర తెచ్చిందో. ఆడవాళ్ళ లెక్కలు నోటుపుస్తకంలో సగం, నోట్లో సగం ఉంటాయి. ఇచ్చినవి వసూలు చెయ్యబోకు. తెచ్చినవి మాత్రం రూపాయితో సహా తీర్చు.

తిథి సంగతి. ఆమె పోయింది ఆశ్వయుజ బహుళ పంచమి. తద్దినం ఏటా ఆ తిథికే వస్తుంది, ఇంగ్లీషు తేదీ మారుతుంటుంది. కొత్త క్యాలెండర్ రాగానే గుర్తు పెట్టుకో. భాద్రపదంలో మహాలయ పక్షం వస్తుంది కదా, అందులో నవమిని అవిధవా నవమి అంటారు. భర్త ఉండగా పోయిన పుణ్యస్త్రీల కోసమే పెట్టిన తిథి. ఆ రోజు ఒక ముత్తైదువను పిలిచి భోజనం పెట్టి, పసుపు కుంకుమ, చీర ఇచ్చి పంపించు. మన పంతులు చెప్పిన మాట, భర్త బతికున్నంత కాలమే ఈ నవమి పెడతారంట. ఆ లెక్కన అది నువ్వూ నేనూ మాత్రమే చెయ్యగలిగిన పని, పిల్లలకు వదిలేసేది కాదు.

బీరువా ఇప్పుడే తెరవొద్దు. నేను మూడో నెలకే, చూడలేక, చీరలన్నీ మూటగట్టి ఒక ఆశ్రమానికి ఇచ్చేసినాను. చిన్నమ్మాయి వచ్చి "అమ్మ నా సీమంతానికి కట్టిన ఆకుపచ్చ పట్టుచీర ఏది నాయనా" అనింది. నాకు నోట మాట రాలేదు. నీ కూతుళ్ళిద్దరూ కలిసి వచ్చిన రోజున వాళ్ళ చేతికే తాళంచెవి ఇవ్వు.

కాగితాల పని చిన్నదే. మరణం 21 రోజుల్లోపు నమోదు చేయించు, సర్టిఫికెట్ కాపీలు నాలుగైదు ఎక్కువే తీసుకో. ఆమె ఫోన్ నంబరు తొందరపడి తీసేయొద్దు, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. అందులో ఆమె గొంతుతో ఉన్న వాయిస్ మెసేజ్‌లు ముందు మనవడి చేత వేరేచోట దాపించు.

ఇక పేరు నిలబడే మాట. కొండమీద నిత్యాన్నదానం 1985లో మొదలైంది. ఇప్పుడు జనం భోంచేసే ఆ పెద్ద భవనానికి మన వాయల్పాడు దగ్గరి తరిగొండ వెంగమాంబ పేరు పెట్టినారు. చిన్నప్పుడే భర్త పోతే పసుపు కుంకుమ తియ్యనని మొండికేసిందని చెబుతారు ఆమె గురించి. అన్నదానం ట్రస్టుకు ఎంతైనా ఇవ్వొచ్చు. లేదంటే తిథి నాడు రుయా ఆసుపత్రి బయట రోగుల వెంట వచ్చినవాళ్ళకు పులిహోర పొట్లాలు పంచు. నేను రెండూ చేసినాను. ఆసుపత్రి దగ్గర ఒక ముసలాయన పొట్లం విప్పి, వాసన చూసి, "ఇంగువ బాగా పడింది" అన్నాడు. మీ వదిన కొలత అది, వంటమనిషికి నేనే చెప్పి వేయించినాను.

ఒక్కటి మాత్రం చెయ్యబోకు, మరదల్ని దేవతను చేసి మాట్లాడొద్దు. నీతో మూడు రోజులు మాట్లాడకుండా ఉన్న కథలు కూడా మనవళ్ళకు చెప్పు. నవ్వుతారు, నవ్వనీ.

ఇంకో రెండు నెలల్లో అనపకాయలు సంతకు వస్తాయి. మరదలి పితికిపప్పు కూర తిన్నవాడెవడూ మర్చిపోడు. గింజలు రాత్రే నీళ్ళల్లో నానబెట్టి ఉంచు. తెల్లారి మొదటి బస్సుకు వస్తాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే పప్పు తటాల్న ఎగిరి పక్కన పడుతుంది, మొదట్లో సగం నేలపాలే. ఇద్దరం కూర్చుని పితుకుదాం. కారం ఎంత వేసేదో మాత్రం పెద్దమ్మాయిని ఫోన్లో అడిగి పెట్టుకో.

అన్న.