ఒక్క డెయిరీతో రీసెర్చ్ అవుతుందా?

ప్రశ్న: నమస్తే అండీ. నేను మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా, మాది గుంటూరు వైపు. మా దగ్గరి డెయిరీ ఒకదాంట్లో రేపు ఏ రూట్‌కి ఎన్ని పాల ప్యాకెట్లు, ఎంత పెరుగు పంపాలో ఫోర్‌కాస్టింగ్ సాఫ్ట్‌వేర్ చెప్తుంది, కానీ డిస్పాచ్ చూసే ఆయన చాలా రోజులు ఆ నంబర్‌ని మార్చేస్తుంటారు. అది ఎలా జరుగుతుందో కేస్ స్టడీగా చేద్దామనుకుంటే మా గైడ్ గారు ‘ఒక్క డెయిరీతో ఏం తేలుతుందమ్మా, మూడొందల మందికి క్వశ్చనీర్ పంచు’ అంటున్నారు. నాకేమో మనసొప్పట్లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ గైడ్ గారి మాటలో న్యాయం ఎంతవరకు ఉందో ముందు అది చెప్తా. ఎన్ని డెయిరీల్లో సాఫ్ట్‌వేర్ ఉంది, ఎంతమంది దాన్ని నమ్ముతున్నారు, చదువుని బట్టి వయసుని బట్టి తేడా ఉందా, ఇలాంటివి తేల్చాలంటే క్వశ్చనీరే కరెక్టు. మీరు అడుగుతున్నది వేరు కదా, స్క్రీన్ మీద ఒక నంబర్ ఉంటే వ్యాన్‌లోకి ఇంకో నంబర్ ఎక్కింది, ఈ మధ్యలో ఏం జరిగింది అని. పెళ్లికొచ్చినవాళ్ల లిస్టు ఎంత పొడుగున్నా ఆ సంబంధం ఎలా కుదిరిందో అందులో దొరకదు.

ఒక్క కేసుతో ఏం తేలుతుంది అన్నదానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ కొలంబియా. కల్పనా చావ్లా పోయిన షటిల్, మనలో చాలామందికి ఆ రోజు టీవీలో చూసింది ఇంకా గుర్తుంటుంది. 2003 జనవరి 16న లాంచ్ అయిన దాదాపు 82 సెకన్లకి బయటి ట్యాంకు నుంచి ఫోమ్ ముక్క ఊడి ఎడమ రెక్కకి తగిలింది. అది వీడియోలో కనిపించింది కాబట్టి షటిల్ పైన ఉండగానే ఇంజనీర్లు లెక్కలు మొదలుపెట్టారు, వాళ్ల దగ్గర ‘క్రేటర్’ అనే మోడల్ ఉంది, ముక్క సైజు, స్పీడు ఇస్తే వేడి ఆపే టైల్‌లో ఎంత లోతు గుంట పడుతుందో చెప్తుంది. క్రేటర్ ఏం చెప్పిందో తెలుసా? టైల్ మందం కంటే ఎక్కువ లోతు పడొచ్చు అని చెప్పింది! అంటే మెషీన్ ప్రమాదం అనే చెప్పింది. కానీ క్రేటర్ ఎప్పుడూ ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుందని వాళ్లలో ఒక పేరుండిపోయింది, అందుకని అంత ఉండదులే అని తగ్గించి చూశారు. పైగా ఆ మోడల్‌ని సరిచూసిన టెస్టుల్లో ముక్క 3 ఘనపు అంగుళాలు, వాళ్లు లెక్కేస్తున్న ముక్క 1920. ఈ రెండు అంకెలూ వాళ్ల స్లైడ్ మీదే ఉన్నాయి, కానీ ఎక్కడ? అడుగున, చిన్న బుల్లెట్ పాయింట్‌లో. పైన హెడ్డింగ్ మాత్రం ధైర్యం చెప్పేటట్టు ఉంది. ఇంకో సంగతి, ముక్క అసలు తగిలింది రెక్క ముందంచున ఉండే కార్బన్ ప్యానెల్‌కి, స్లైడేమో టైల్ గురించి. మేనేజ్‌మెంట్ మీటింగ్‌లో ఇది ఫ్లైట్‌కి ప్రమాదం కాదని తేల్చేశారు. ఫిబ్రవరి 1న షటిల్ తిరిగొస్తూ విడిపోయి ఏడుగురూ చనిపోయారు.

ఇప్పుడు అక్కడికి క్వశ్చనీర్ పట్టుకెళ్లారనుకోండి. నిర్ణయానికి మోడల్ వాడారా? వాడాం. రిజల్ట్ పైవాళ్లకి చెప్పారా? చెప్పాం. మీటింగ్‌లో చర్చించారా? చర్చించాం. అన్నిటికీ ఐదుకి ఐదు మార్కులు పడతాయి. ఒక టూల్‌కి ‘ఎక్కువ చూపిస్తుంది’ అన్న పేరొస్తే అది ఇచ్చే హెచ్చరికే చివరికి ధైర్యంగా మారిపోతుంది, ఈ ఒక్క సంగతి మాత్రం ఎంతమందిని అడిగినా ఆ ఫారంలో దొరకదు, ఒక్క కేసులో దిగి మెయిల్స్, స్లైడ్లు, మీటింగ్ మినిట్స్ వరసగా పెట్టి చూస్తేనే దొరుకుతుంది.

మీ డెయిరీకి ఇదెలా పనికొస్తుందంటే, మీ డిస్పాచ్ ఆయన కూడా ‘ఈ సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ ఎక్కువే చెప్తుందమ్మా’ అనే ఛాన్స్ ఉంది. అలా అంటే అడగండి, ఆ పేరు ఎప్పుడు పడింది, ఏ సీజన్‌లో పడింది, శ్రావణంలో ముహూర్తాలున్న వారం ఆయన పెరుగు తగ్గించి పంపితే ఏమైంది? అంతరిక్షానికీ పాల వ్యాన్‌కీ పోలికేంటి అనొచ్చు ఎవరైనా, కానీ అక్కడ దొరికిన వివరణ ఇక్కడ నిలబడుతుందా లేదా అని పరీక్ష పెట్టగలుగుతున్నాం చూశారా, కేస్ స్టడీలో జనరలైజ్ చేయడం అంటే అదే. కేస్ స్టడీ పద్ధతి మీద పుస్తకం రాసిన రాబర్ట్ యిన్ ఎప్పటినుంచో చెప్తున్నది కూడా ఇదే, కేసు నుంచి వెళ్లేది థియరీకి, జనాభా లెక్కకి కాదు. గైడ్ గారికి ఇంకా కుదరకపోతే మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ క్యాథ్లీన్ ఐసెన్‌హార్ట్ 1989లో రాసిన పేపర్ చూపించండి, కేసుల నుంచి థియరీ కట్టేవాళ్లకి నాలుగు నుంచి పది కేసులు బాగా కుదురుతాయని అందులో ఉంది. ఆయనకి అంకె కావాలంటే ఆ అంకె ఉంది.

అసలు మీరు చేయాల్సింది ఇంకోటుంది. డెయిరీ ఒకటే కావచ్చు, నిర్ణయాలు రోజుకొకటి ఉన్నాయి! మీరు పరిశీలించే యూనిట్, అంటే ఒక్కో కేసు, డెయిరీ కాదు, ఒక రాత్రి ఒక రూట్‌కి తీసుకున్న నిర్ణయం. సాఫ్ట్‌వేర్ నంబర్‌ని ఉన్నదున్నట్టు ఒప్పుకున్న రోజులు కొన్ని, మార్చిన రోజులు కొన్ని తీసుకోండి, మార్చినవాటిలో మళ్లీ లాభించినవీ రిటర్న్స్ ఎక్కువొచ్చినవీ రెండూ ఉండాలి. చాలామంది బెడిసికొట్టినవి మాత్రమే ఏరుకుంటారు, అప్పుడు మార్చడమే తప్పు అన్నట్టు తేలుతుంది, ఒప్పుకున్నందుకు నష్టపోయిన రోజులు కనపడకుండా పోతాయి.

ప్రశ్న: సార్, నేను ఒక హాస్పిటల్‌లో మందుల కొనుగోలు నిర్ణయాల మీద ఇంటర్వ్యూలు చేస్తున్నా. అందరూ ‘మేం డేటా చూసే కొంటాం’ అంటారు, ఫైల్లో చూస్తే వేరేలా ఉంది. ఏది నమ్మాలి?

జవాబు: వాళ్లు అబద్ధం చెప్తున్నారని తొందరపడకండి. రిజల్ట్ తెలిశాక మన జ్ఞాపకం దానికి తగ్గట్టు సర్దుకుంటుంది, ఎవరికైనా అంతే. అందుకే నా సలహా ఏంటంటే ముందు తేదీ ఉన్న కాగితాలు పట్టండి, ఇండెంట్ (ఫలానా మందు కావాలని పెట్టే కాగితం), స్టాక్ రిజిస్టర్, ఆ రోజు రిపోర్ట్ ప్రింటవుట్, వాట్సాప్ మెసేజ్ ఇస్తే అదీ. ఆ కాగితం ముందు పెట్టుకుని ఇంటర్వ్యూ చేయండి. ‘మీరెలా నిర్ణయిస్తారు’ అని అడిగితే పాలసీ చెప్తారు, ‘మార్చి 14న ఈ మందు డబుల్ ఆర్డర్ పెట్టారు, ఆ టైమ్‌కి మీ ముందు ఏముంది, ఎవరు ఫోన్ చేశారు’ అని అడిగితే జరిగింది చెప్తారు. ‘ఎందుకు’ అన్నది ఆఖర్న అడగండి, మొదట్లో అడిగితే సమర్థించుకోవడం మొదలవుతుంది. పంపని కాగితాలు కూడా సాక్ష్యమే. పైన చెప్పిన కొలంబియాలోనే ఒక ఇంజనీర్ రెక్క ఫొటోలు కావాలని గట్టిగా మెయిల్ రాసి, పైవాళ్లకి పంపలేక ప్రింట్ తీసి తోటి ఇంజనీర్‌కి చూపించి ఊరుకున్నాడు. అక్కడ నోరు తెరవడం ఎంత కష్టమో ఆ పంపని మెయిల్ చెప్పినంతగా ఏ మినిట్స్ చెప్పవు.

ప్రశ్న: నేను కేస్ స్టడీ చేస్తున్న కంపెనీవాళ్లు ‘రిపోర్ట్ ముందు మాకు చూపించాలి, మా పేరు రాయకూడదు’ అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: చూపించండి, కానీ దేనికి చూపిస్తున్నారో మొదటి రోజే కాగితం మీద రాసుకోండి. తేదీలు, అంకెలు, హోదాలు తప్పుంటే దిద్దుతారు, మీ విశ్లేషణ మార్చే హక్కు మాత్రం వాళ్లకి ఉండదు. వాళ్లు దేనితో ఒప్పుకోలేదో అది కూడా మీ రిపోర్ట్‌లో చేర్చొచ్చు, అది కూడా డేటానే. ఇక పేరు విషయం, ఊళ్లో ఒకటే ఫ్యాక్టరీ ఉంటే పేరు మార్చినా అందరికీ తెలిసిపోతుంది, లోపల కూడా ‘పర్చేజ్ మేనేజర్’ అనగానే ఎవరో తెలుస్తుంది. కాబట్టి ఊరు, ప్రొడక్ట్, హోదా అన్నీ కాస్త కదపాలి. మీతో మనసు విప్పి మాట్లాడిన జూనియర్ ఉద్యోగి మాటల్ని ఇంకొక్కసారి చూసుకోండి, ఆ వాక్యం చదివి వాళ్ల బాస్ గుర్తుపట్టేలా ఉంటే ఎంత మంచి వాక్యమైనా తీసేయండి.