మేనకోడలికి బండి అప్పగిస్తూ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే ఆదివారం నువ్వూ అల్లుడూ వచ్చి బండి తీసుకెళ్తామన్నారని మీ అత్తయ్య చెప్పింది. ఫోనులో చెబితే నువ్వు సగం మరిచిపోతావు, మిగతా సగం నేనే మరిచిపోతాను. అందుకే ఈ ఉత్తరం. చదివాక డ్యాష్‌బోర్డు అరలో పడేసుకో.

ఇది 2011 నాటి హోండా సిటీ కారు, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. ‘ఇంత పాత బండికి ఇంత ఖర్చా’ అని అల్లుడు ఏదో ఒక రోజు అంటాడు, నాకు తెలుసు. ఏడాదికి సుమారు ముప్పై వేలు దీని మీద పెట్టాను. టైర్లు మార్చిన ఏడు ఇంకాస్త ఎక్కువైంది. ఇదే తరహా కొత్త బండి అప్పు మీద కొంటే ఆ డబ్బు రెండు నెలల కిస్తీలకు చాలదు. రిపేరు బిల్లు వచ్చినప్పుడల్లా బండి అమ్మితే ఎంత వస్తుందని చూడకు, మరో బండి కొనాలంటే ఎంత పోతుందో చూడు. అయితే ఇంజిన్ మొత్తం విప్పాల్సి వచ్చినా, అడుగు భాగం తుప్పు తిన్నా మొహమాటపడకుండా వదిలించుకో. మామయ్య ఇచ్చిన బండి అని దాచుకోవాల్సిన పని లేదు.

కాగితాల సంగతి. నంబరు ఏపీ 36 కదా, విజయవాడలో మనల్ని అడిగేదెవరు అనుకుంటావేమో. అది ఉమ్మడి రాష్ట్రంలో వరంగల్ నంబరు. రికార్డు తెలంగాణ రవాణా శాఖ దగ్గరే ఉంది. పేరుకు మీ రాష్ట్రపు నంబరే, బండి మాత్రం పొరుగు రాష్ట్రానిది! పన్నెండు నెలలకు మించి అక్కడ తిప్పాలంటే ఇక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకెళ్లి కొత్త నంబరు వేయించుకోవాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. పైగా ఈ ఆగస్టుకు బండికి 15 ఏళ్లు నిండుతాయి. ఫిట్‌నెస్ పరీక్ష చేయించి రెన్యువల్ కడితే మరో 5 ఏళ్లు తిరగనిస్తారు. 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, గ్రీన్ ట్యాక్స్ అదనం. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు కాబట్టి జూన్ చివర్లో ఒకసారి బండి ఇక్కడికి తీసుకురా. ఆ పనీ, ఎన్‌ఓసీ పనీ నేను చూస్తాను. నీ పేరు మీదికి మారిన రెండు వారాల్లోపు ఇన్సూరెన్సు కూడా మార్పించుకో. ఇన్నాళ్లూ క్లెయిము లేకుండా నేను కూడబెట్టిన బోనసు నీకు రాదు. అది మనిషిని బట్టి ఇచ్చేది, బండిని బట్టి కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ బండికి ప్రాణం కూలెంట్‌లో, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవంలో, ఉంది. ఇంజిన్ వేడి ఎంతో చూపే ముల్లు దీనికి లేదు. ఉదయం స్టార్ట్ చేయగానే నీలం దీపం వెలిగి, ఇంజిన్ కాస్త వేడెక్కాక ఆరిపోతుంది. వేడి మితిమీరితే ఎర్ర దీపం వెలుగుతుంది. అది వెలిగేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే.

కొన్నేళ్ల కిందట మే నెలలో ఖమ్మం వెళ్తున్నాం. మరిపెడ దాటాక ఏసీ గాలిలో బెల్లం పాకం మాడుతున్న వాసన మొదలైంది. ఎవరో బెల్లం వండుతున్నారంది మీ అత్తయ్య. మండు వేసవిలో బెల్లం వండేదెవరు? పక్కకు ఆపి బానెట్ ఎత్తాను. రేడియేటర్ పై గొట్టానికి, సరిగ్గా క్లిప్పు బిగించిన చోట, గోరంత చీలిక. దారంలా ఆవిరి వస్తోంది. ఎర్ర దీపం ఇంకా వెలగనే లేదు. కూలెంట్ కారితే అలాగే తియ్యటి వాసన వేస్తుంది, గుర్తుపెట్టుకో. సాయానికి వచ్చిన లారీ డ్రైవరు, పాపం మంచివాడే, రేడియేటర్ మూత తిప్పబోతే చెయ్యి పట్టి ఆపాను. వేడి మీద ఆ మూత తీస్తే మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి. గంటసేపు చింతచెట్టు నీడన కూర్చుని, చల్లారాక చీలిన ముక్క కోసేసి, గొట్టం మళ్లీ బిగించి, నీళ్లు పోసుకుని మెల్లగా వెళ్లాం. గొట్టం ఖరీదు కొన్ని వందలు. అలాగే తోలుకుపోయి ఉంటే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ పై భాగం కింద ఉండే సీలు, పోయి వేలల్లో తేలేది.

అందుకే వారానికోసారి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, కూలెంట్ డబ్బాలో మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో చూడు. అదే పనిగా తగ్గుతుంటే ఎక్కడో కారుతున్నట్టు. నింపుకుంటూ పోవద్దు, కారే చోటు వెతికించు.

ఇంజిన్ ఆయిల్ 10,000 కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు మార్పించు. మీరు తిరిగేది తక్కువ కాబట్టి నీకు ఏడాది లెక్కే వర్తిస్తుంది. ఫిల్టరుతో కలిపి మూడున్నర లీటర్ల పైచిలుకు పడుతుంది. ఒకసారి ఒక షెడ్డులో 5 లీటర్లకు బిల్లు వేశారు. మిగిలిన డబ్బా ఇవ్వమన్నాను. యజమాని కుర్రాడి వైపు, కుర్రాడు గోడ వైపు చూశారు. అప్పటి నుంచి దగ్గర నిలబడే పోయిస్తున్నాను. సిగ్గుపడకు, నువ్వూ నిలబడు.

టైమింగ్ బెల్టు మార్చాలని ఎవరైనా అంటే ఆ షెడ్డుకు మళ్లీ వెళ్లకు. ఇంజిన్ లోపల వాల్వులను తిప్పడానికి దీనికి ఉన్నది బెల్టు కాదు, గొలుసు. కానీ 40,000 కిలోమీటర్లకోసారి టాపెట్ సెట్టింగ్ (వాల్వుల దగ్గరి సందు సరిచేయడం) చూపించమంటే మాత్రం నిజమే చెబుతున్నారు. చాలామంది అది వదిలేసి, ఇంజిన్ చప్పుడు చేస్తోందని ఖరీదైన ఆయిల్ పోస్తుంటారు.

స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు వైపు ‘టక్’ మంటే భయపడకు, చాలాసార్లు సస్పెన్షన్‌లో అరిగిన లింక్ రాడ్లో, రబ్బరు బుష్షులో అయ్యుంటాయి. అద్దాలు దించి, పాటలు ఆపి, గోడ పక్కగా మెల్లగా నడిపితే ఏ వైపు నుంచో తెలుస్తుంది. ఆ వైపు పేరు చెప్పి బండి అప్పగిస్తే సగం బిల్లు అక్కడే తగ్గుతుంది. బ్రేకులు, టైర్ల దగ్గర మాత్రం పొదుపు చేయకు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్పించు. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. అరుగుదల లేకున్నా ఆరేడేళ్లు దాటితే రబ్బరు గట్టిపడుతుంది. స్టెప్నీ మీది అంకెలూ చూడు, దాన్ని అందరూ మరిచిపోతారు. నేనూ మరిచిపోయాను, ఈ మధ్యే మార్చాను.

ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఈ బండి తయారైన నాటికి లేదు. మైలేజీ కాస్త తగ్గింది, అది తప్పదు. ట్యాంకు నింపి నెలల తరబడి కదపకుండా ఉంచకు. పెట్రోలు వాసన వస్తే పైపులు చూపించు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మీ వైపు ఏం చేసిందో నాకంటే నీకే తెలుసు. నిలిచిన నీళ్లలోకి ఈ బండిని దింపకు, బాగా కిందికి ఉంటుంది. ఒకవేళ నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకు, ఇంజిన్‌లోకి నీళ్లు పీల్చుకుని కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. ఇంజిన్‌కు విడిగా ఇచ్చే బీమా ఈ వయసు బండికి సాధారణంగా దొరకదు. తోయించుకుని తీసుకెళ్లు.

వానాకాలంలో ఎలుకలు బానెట్ కిందికి దూరి వైర్లు కొరుకుతాయి. పొగాకు కాడలు, నాఫ్తలీన్ గోలీలు అన్నీ ప్రయత్నించాను. రోజూ బండి తీయడమే కాస్త పనిచేసింది.

అరలో పొడుగు నోటుపుస్తకం ఉంది. ఏ తేదీన ఏం మార్చానో, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఎంతకో అంతా రాసి ఉంది. మధ్యలో రెండు పేజీలు మీ అత్తయ్య కిరాణా లెక్కలు, పట్టించుకోకు. కింద ఖాళీ పేజీలున్నాయి.

రెండో తాళంచెవి ఉత్తరంతోపాటు ఇస్తాను. డ్రైవరు వైపు అద్దం పైకి వచ్చేటప్పుడు సగంలో ఆగుతుంది. మోటారు మార్చాలన్నారు కానీ నేను మార్చలేదు. స్విచ్ నొక్కుతూ రెండో చేత్తో అద్దాన్ని కొద్దిగా వెనక్కి నెట్టు, వచ్చేస్తుంది.

మీ
మామయ్య
హనుమకొండ