విన్నిపెగ్ చలి కంటే జనవరి ప్రయాణమే నాకు భయం

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాదే ఈసీఈలో బీటెక్ పూర్తి చేసింది. కెనడాలో విన్నిపెగ్ అనే ఊళ్లో ఒక కాలేజీలో రెండేళ్ల పీజీ డిప్లొమాకి జనవరి ఇన్‌టేక్‌లో సీటొచ్చింది. అక్కడ మైనస్ 30 దాకా పోతుందని వీడియోల్లో చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. లంబసింగి తీసుకెళ్తేనే దానికి జ్వరం వచ్చింది. ఆస్ట్రేలియా అయితే మన వాతావరణమేనని మా ఆడపడుచు అంటోంది. కెనడా మానేసి అక్కడికి పంపడం మంచిదా? ఒక్కగానొక్క కూతురు. పరాయి దేశంలో జబ్బు పడితే చూసేదెవరు?
– ఒక తల్లి, సీతమ్మధార, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, మీరు చివర అడిగిందే మీ అసలు ప్రశ్న. నా దగ్గరికి వచ్చే తల్లులందరూ అంతే. స్వెటర్లు, బూట్లు, మంచు అని మొదలుపెడతారు. అంతా అయ్యాక గుమ్మం దాకా వెళ్లి ఆగి, "ఒంట్లో బాగోకపోతే అక్కడ ఎవరున్నారండీ" అంటారు. తండ్రులు ఆ మాట కూడా పైకి అనరు, లోన్ వడ్డీ గురించి అడిగి ఊరుకుంటారు. అందుకే ముందు దానికే జవాబు చెబుతాను.

జ్వరం, జలుబు వస్తే చూసుకునేవాళ్లుంటారు. మన పిల్లలు ముగ్గురో నలుగురో కలిసి ఇల్లు తీసుకుంటారు. ఒకరు పడుకుంటే ఇంకొకరు మిరియాల చారు పెడతారు. కాలేజీ ఫీజుతో పాటు ఆరోగ్య బీమా ఉంటుంది, అందులో ఏవేం వస్తాయో వెళ్లేముందే చదివి పెట్టుకోమనండి. లంబసింగిలో వచ్చిన జ్వరం చలి వల్ల వచ్చింది కాదు, ఏదో వైరస్ వల్ల అయి ఉంటుంది. అసలు లంబసింగిలో అంత వణుకు ఎందుకు పుట్టిందో ఆలోచించండి. అక్కడ గదిలోనూ చలే, బయటా చలే. మన ఇళ్లు ఎండ తట్టుకోవడానికి కట్టుకున్నవి, వెచ్చదనం నిలబెట్టడానికి కాదు. విన్నిపెగ్‌లో బయట మైనస్ 25 ఉన్నా ఇంట్లో, క్లాసులో 20 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది, బస్సులోనూ హీటర్ ఉంటుంది. పిల్లలు ఇంట్లో టీషర్టుతో తిరుగుతారు. చలిలో ఉండేది ఇంటి గుమ్మం నుంచి బస్సు దాకా, బస్సు నుంచి క్లాసు దాకా. ఆ ఊళ్లోనే ఉన్న మానిటోబా యూనివర్సిటీలో అయితే చాలా భవనాల మధ్య సొరంగ మార్గాలున్నాయి, కోటు లేకుండానే ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసుకి వెళ్లొచ్చు.

అలాగని చలి ఏమీ కాదని అబద్ధం చెప్పను. అక్కడ జనవరి సగటు మైనస్ 16 ప్రాంతంలో ఉంటుంది. గాలి తోడైతే ఒంటికి తగిలే చలి మైనస్ 40 దాకా వెళ్లే రోజులుంటాయి. అలాంటప్పుడు కప్పుకోని చర్మం పది నిమిషాల్లోపే గడ్డకట్టడం మొదలవుతుంది. చెవులు, ముక్కు కొస, వేళ్లు ముందు పోతాయి. అందుకే అక్కడి వాళ్లు వాతావరణ హెచ్చరికని మనం పోర్టులో ఎగరేసే ప్రమాద సూచికలా చూస్తారు. సూచిక ఎగిరిందంటే మన ఫిషింగ్ హార్బర్ నుంచి బోటు కదలదు కదా, అలాగన్నమాట. 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసిన ఊరు మనది. కరెంటు లేకుండా, నీళ్లు లేకుండా రోజుల తరబడి నెట్టుకొచ్చాం. అప్పుడు మీ అమ్మాయి చిన్నపిల్ల, కానీ ఆ ఇంట్లోనే ఉంది. వాతావరణాన్ని లెక్కచేసి బతకడం మనకి కొత్తేమీ కాదు.

బట్టల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇక్కడ స్వెటర్లు కొని పెట్టె నింపకండి. ఒంటికి అంటుకునే థర్మల్స్ రెండు జతలు, ఉన్నిదో ఫ్లీసుదో ఒకటి ఇక్కడి నుంచి చాలు. పైన వేసుకునే పార్కా కోటు, మంచులో నడిచే బూట్లు అక్కడే కొనాలి, ఆ చలికి కుట్టినవి అక్కడే దొరుకుతాయి. రెండింటికీ కలిపి మూడు నాలుగు వందల డాలర్లు పక్కన పెట్టండి. వాడిన బట్టలమ్మే దుకాణాల్లో ఇంకా తక్కువకే వస్తాయి. లోపల నూలు బట్టలు వద్దు. చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతాయి, ఆ తడి ఒంట్లో వేడిని లాగేస్తుంది. వేళ్లు విడివిడిగా ఉండే గ్లవుజుల కంటే నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండేవే వెచ్చన.

మీరు ఇంట్లో నేర్పిన ఒక అలవాటు మాత్రం మార్పించాలి. ఎంవీపీ కాలనీ అమ్మాయి ఒకతి శుక్రవారం పొద్దున్నే తలస్నానం చేసి, జడ ఆరకుండానే బస్సుకి పరిగెత్తింది. స్టాపులో పది నిమిషాలు నిలబడింది. బస్సెక్కి జడ ముందుకు వేసుకుంటే తాడులా బిగుసుకుపోయి ఉంది, వేళ్లతో నొక్కితే సన్నటి మంచుపలుకులు చిట్లాయట. అది చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తలస్నానం రాత్రి పూట చేసి, పూర్తిగా ఆరబెట్టుకుని పడుకోమనండి. ఇంకొకటి, ఆ చలికి ఫోను బ్యాటరీ 40 శాతం చూపిస్తూనే చటుక్కున ఆగిపోతుంది. బస్సు టైములన్నీ అందులోనే చూసుకునే పిల్లలు దారిలో ఇరుక్కుపోతారు. ఫోను లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి. ఇక వంట. ఏప్రిల్ దాకా కిటికీలు తెరవరు కాబట్టి పోపు వాసన కోటుకి పట్టి క్లాసు దాకా వస్తుంది, పొగ ఎక్కువైతే అలారం మోగుతుంది. కోటు గదిలో బీరువాలో పెట్టుకుని, వంట చేసేటప్పుడు పొయ్యి మీది ఫ్యాన్ వేసుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు నేను నిజంగా భయపడేదానికి వస్తాను. డిసెంబరులో అక్కడ పొద్దు 8 దాటాక పొడిచి, సాయంత్రం నాలుగున్నరకే గూకుతుంది. మనకి 11 గంటల వెలుతురున్న రోజుల్లో వాళ్లకి 8 గంటలే. చీకట్లో లేచి క్లాసుకి, క్లాసు నుంచి పనికి, పని నుంచి చీకట్లోనే ఇంటికి. ఇలా నెలలు గడిస్తే కొందరికి దిగులు పట్టుకుంటుంది. ఎప్పుడూ నిద్ర, తీపి, పిండి పదార్థాలు ఎక్కువగా తినాలనిపించడం, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం. దీన్ని సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అంటారు. ఇది బద్ధకమూ కాదు, బెంగా కాదు, జబ్బు, దీనికి వైద్యం ఉంది. విన్నిపెగ్‌లో మంచు కాలంలో కూడా ఎండ బాగా కాస్తుంది, మధ్యాహ్నం అరగంట ఆ వెలుతుర్లో నడవాలి. డాక్టరు చెబితే 10,000 లక్స్ (వెలుతురు కొలత) దీపం ముందు పొద్దున్నే కూర్చోవచ్చు. కాలేజీలో కౌన్సెలర్ ఉంటారు. మనసు మరీ కుంగిపోతే కెనడా అంతటా 988 నంబరుకి ఏ వేళలో అయినా ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. ఈ నంబరు మీ అమ్మాయి ఫోనులో ఇప్పుడే వేయించండి.

అందుకే జనవరి ఇన్‌టేక్ అంటే నాకు ఇష్టం లేదు. ద్వారకానగర్, సిరిపురంలో ఏ కన్సల్టెన్సీ బోర్డు చూసినా "ఒక ఏడాది వృథా కాకుండా జనవరికే" అని ఉంటోంది. సెప్టెంబరు దాకా ఎనిమిది నెలలు ఆగితే ఏడాది ఎలా వృథా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మూడేళ్ల కిందట గాజువాక కుర్రాడు ఒకడు జనవరి మొదటి వారంలో దిగాడు. క్రిస్మస్ కోసం తీసుకున్న పార్ట్‌టైమ్ పనులు అప్పటికి అయిపోయాయి. మంచి గదులు సెప్టెంబరులో వచ్చినవాళ్లు తీసేసుకున్నారు. వీడికి బేస్‌మెంట్ దొరికింది, ఉన్న ఒక్క కిటికీ సగానికి మంచు. క్లాసులో అందరూ అప్పటికే జట్లుగా ఉన్నారు. ఆరు వారాలు బ్రెడ్డు, మ్యాగీ తిన్నాడు. ఇంటికి మాత్రం మంచులో దిగిన ఫోటోలు పంపాడు. వాళ్లమ్మ ఆ ఫోటోలు అపార్టుమెంటంతా చూపించింది. ఏప్రిల్‌లో మంచు కరిగాక తేరుకున్నాడు, ఇప్పుడు బాగున్నాడు. ఆ మూడు నెలలు వాడికి ఎవరూ వేయనక్కర్లేని శిక్ష.

సెప్టెంబరులో వెళ్లిన పిల్లకి నవంబరు దాకా టైముంటుంది. చలి రోజుకింత చొప్పున పెరుగుతుంటే ఒళ్లు అలవాటు పడుతుంది. మొదటి మంచు పడే వేళకి నలుగురు స్నేహితులు, ఒక గది, ఒక పని ఉంటాయి. కాలేజీకి మెయిల్ పెట్టి సీటు సెప్టెంబరుకి వాయిదా వేయమని అడగండి. వీసా కోసం అక్కడి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే అటెస్టేషన్ లెటర్ గడువు మాత్రం చూసుకోండి, కొత్తది తీసుకోవలసి రావచ్చు.

ఇక్కడ మీమీద కొంచెం కోప్పడాలి. మీ ఉత్తరంలో లంబసింగి ఉంది, మీ ఆడపడుచు ఉంది, కోర్సు పేరు లేదు. రెండేళ్లు, పాతిక ముప్పై లక్షలు, దేనికి పెడుతున్నారో ఒక్క ముక్క రాయలేదు. 2024 నవంబరు నుంచి కెనడాలో డిప్లొమా చదివినవాళ్లకి చదువయ్యాక ఉద్యోగం చేసుకునే వర్క్ పర్మిట్ రావాలంటే ఆ కోర్సు ప్రభుత్వ జాబితాలో ఉండాలి. ప్రతి కోర్సుకీ ఆరంకెల సీఐపీ కోడ్ ఉంటుంది, దాన్ని ఇమ్మిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోవచ్చు. కన్సల్టెన్సీ వాళ్లు నోటిమాటగా "వస్తుందండీ" అంటే సరిపోదు. యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తే ఈ జాబితా గొడవ లేదు. పైగా 2024 ఫిబ్రవరి నుంచి రెండేళ్ల లోపు మాస్టర్స్‌కి కూడా మూడేళ్ల వర్క్ పర్మిట్ ఇస్తున్నారు. ఈసీఈ బీటెక్ చేసిన పిల్ల మళ్లీ డిప్లొమా ఎందుకు చేయాలో ఆమెని అడిగారా? సులువుగా సీటొస్తుందని ఎవరో చెబితే ఒప్పుకుని ఉంటే, సెప్టెంబరు లోపు ఆ తప్పు దిద్దుకోవచ్చు.

డబ్బు సంగతీ చలి సంగతే. ఫీజు కాక ఏడాది ఖర్చుకి 22,895 కెనడా డాలర్లు చూపించాలని 2025 సెప్టెంబరు నుంచి నియమం. దాన్ని చూపించడానికి మాత్రమే తెచ్చి, వీసా రాగానే వెనక్కి ఇచ్చేసే ఆలోచన ఉంటే పంపకండి. ఆ డబ్బు లేని పిల్లే నడిరాత్రి షిఫ్టుకి ఒప్పుకుని మైనస్ 30లో చివరి బస్సు కోసం నిలబడుతుంది. చదువు నడిచే రోజుల్లో బయట వారానికి 24 గంటలే పని చేయాలి. ఆ జీతంతో లోన్ కట్టేస్తుందని లెక్కలు వేయకండి.

ఆస్ట్రేలియా గురించి అడిగారు. మెల్‌బోర్న్‌లో జూలై (అక్కడ అది చలికాలం) రాత్రులు 6, 7 డిగ్రీలకి దిగుతాయి, కాన్‌బెర్రాలో సున్నా కిందికి పోతాయి. అక్కడ చాలా ఇళ్లలో కెనడాలోలాగా ఇల్లంతా వెచ్చగా ఉండదు, పిల్లలు దుప్పట్లు కప్పుకుని చదువుకుంటారు. రెండు వారాలకి 48 గంటలు పని చేయొచ్చు. వీసా ఫీజే 2,000 ఆస్ట్రేలియా డాలర్లు, తిరస్కరిస్తే వెనక్కి రాదు. మంచి కోర్సు అక్కడ దొరికితే వెళ్లమనండి. చలికి భయపడి మాత్రం దేశం మార్చకండి.

వెళ్లేముందు రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ తక్కువున్నా, థైరాయిడ్ సరిగ్గా పనిచేయకపోయినా చలి ఎక్కువగా వేస్తుంది. మన ఆడపిల్లల్లో రక్తం తక్కువున్నవాళ్లు ఎంతమందో మీకు తెలియనిది కాదు. విటమిన్ డి కూడా చూపించండి. ఉబ్బసం ఉంటే చల్లగాలికి ఎక్కువవుతుంది, ఇన్‌హేలరు, డాక్టరు చీటీ వెంట ఉండాలి.

ఫోన్ విషయం కూడా చెబుతాను. శీతాకాలంలో విన్నిపెగ్ మనకి పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. మీరు పొద్దున 7 గంటలకి దీపం పెట్టి ఫోన్ చేస్తే అక్కడ ముందురోజు రాత్రి ఏడున్నర. అన్నం తినే వేళ, మాట్లాడటానికి మంచి వేళ. అప్పుడు లోన్ ఎత్తకండి, పెళ్లి సంబంధాలు ఎత్తకండి. "బాగున్నావా" అంటే "బాగున్నా" అనే అంటుంది. ఇవాళ ఏం వండుకున్నావు, మధ్యాహ్నం బయటికెళ్లావా, పక్కగది అమ్మాయి ఊరెళ్లిందా అని అడగండి. వరుసగా మూడు రోజులు ఏమీ వండుకోలేదంటే అప్పుడు కంగారు పడండి, వీడియోలో మొహం చూపించమనండి.

మీకు నిద్ర పట్టకపోవడం నాకు అర్థమవుతుంది. నాతో మాట్లాడి వెళ్లినవాళ్లలో మొదటి శీతాకాలం గడవక తిరిగొచ్చిన పిల్లలు చాలా తక్కువ. వాళ్లలో కూడా చలికి వచ్చినవాళ్లు లేరు. మీ అమ్మాయి తట్టుకుంటుంది. ఈ వారంలో కోర్సు కోడ్ కాగితం మీద రాసుకుని నాకు ఫోన్ చేయమనండి. మీరు కాదు, ఆమెనే చేయమనండి.