కీమో జరుగుతుండగా పుట్టగొడుగుల పొడి వాడొచ్చా?

ప్రశ్న: అమ్మకు పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయింది, కీమో నడుస్తోంది. వాపు, క్యాన్సర్ రెండూ తగ్గుతాయని బంధువులు రెయిషీ అనే పుట్టగొడుగు పొడి తెచ్చారు. ఇవ్వమంటారా? – ఓ పాఠకురాలు

జవాబు: కీమోకు బదులుగా మాత్రం వద్దమ్మా. జపాన్‌లో టర్కీటెయిల్ పుట్టగొడుగు నుంచి తీసిన పీఎస్‌కే అనే మందుకు 1977లో అనుమతి ఇచ్చారు. అదీ ఆపరేషన్ తర్వాత కీమోతో పాటు, సాధారణంగా రోజుకు 3 గ్రాములు ఇచ్చేవారు. అందులోని బీటా గ్లూకాన్లు అనే పదార్థాలు ప్రధానంగా రోగనిరోధక కణాలను ఉత్తేజపరుస్తాయి. శుద్ధి చేసిన ఆ మందూ, డబ్బాలోని పొడీ ఒకటి కావు.

రెయిషీలోని ట్రైటెర్పీన్లు అనే పదార్థాలు ప్రయోగశాలలో వాపును తగ్గించాయి; మనుషుల్లో క్యాన్సర్‌ను నయం చేస్తాయనడానికి రుజువు లేదు.

కొన్ని పొడుల్లో పుట్టగొడుగు కంటే దాన్ని పెంచిన ధాన్యమే ఎక్కువ. చిటికెడు పొడిని వేడినీళ్లలో కలిపి, పూర్తిగా చల్లార్చి, రెండు చుక్కల అయోడిన్ వేయండి. నల్లటి నీలం రంగు తిరిగితే అది పిండి. వేడి మీద వేస్తే రంగు నిలవదు. రంగు రాకపోయినంత మాత్రాన మంచి సరుకని కాదు.

రెయిషీ రక్తస్రావాన్ని పెంచవచ్చు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, ఆస్పిరిన్ వాడుతున్నా, కీమోతో ప్లేట్‌లెట్లు తగ్గినా ప్రమాదమే. డబ్బాను క్యాన్సర్ డాక్టరుగారికి చూపించండి, అప్పటిదాకా మూత తీయకండి.