నోట్లో తెల్ల చారలకు హెపటైటిస్ సి పరీక్ష ఎందుకు?

ప్రశ్న: నా వయసు 50. ఆరు నెలలుగా రెండు బుగ్గల లోపల తెల్లటి చారలు కనిపిస్తున్నాయి. కారం తగిలితే భగ్గుమని మంట. డెంటల్ డాక్టర్ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, లైకెన్ ప్లానస్ అని చెప్పారు. హెపటైటిస్ సి పరీక్ష కూడా చేయించుకోమన్నారు. నాకెప్పుడూ కామెర్లు రాలేదు. లివర్ ఫంక్షన్ టెస్ట్ నార్మల్‌గానే వచ్చింది. ఎనిమిదేళ్ల వయసులో ఆపరేషన్ చేసి రక్తం ఎక్కించారట. నోటికీ కాలేయానికీ ఏమిటి సంబంధం? ఇది ఇంట్లోవాళ్లకు అంటుకుంటుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

సమాధానం: ముందు అంటుకోవడం గురించి చెబుతాను. లైకెన్ ప్లానస్ అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, పిల్లల్ని ముద్దు పెట్టుకున్నా ఎవరికీ రాదు. మన రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలు నోటి లోపలి పొర మీదే దాడి చేయడం వల్ల వచ్చే సమస్య ఇది. పెద్దవాళ్లలో నూటికి ఒకరిద్దరికి ఉంటుంది, నడివయసు మహిళల్లో ఎక్కువ. వెలుతురులో బుగ్గను పక్కకు లాగి అద్దంలో చూసుకోండి. సన్నటి తెల్లగీతలు లేసు అల్లికలా కనిపిస్తాయి, తుడిచినా పోవు. గీతలు మాత్రమే ఉంటే సాధారణంగా బాధ ఉండదు. మధ్యమధ్య పొర పలచబడి ఎర్రబడితేనో, పుండు పడితేనో మంట మొదలవుతుంది. మీకు జరుగుతున్నది బహుశా అదే.

హెపటైటిస్ సి వైరస్ ప్రధానంగా కాలేయంలో ఉంటుంది కానీ, దాని ప్రభావం అక్కడితో ఆగదు. కొందరిలో చర్మం, కిడ్నీలు, కీళ్ల దాకా వెళ్తుంది. ఈ రెండు జబ్బులూ కలిసి ఉన్నవాళ్ల నోటి పొరలో వైరస్ ఆనవాళ్లతో పాటు, దాన్ని గుర్తుపట్టే టి కణాలూ కనిపించాయి. వైరస్ మీద పోరుకు వచ్చిన కణాలే అక్కడి పొరనూ దెబ్బతీస్తున్నాయని అనుకుంటున్నాం. ఈ సంబంధం అన్నిచోట్లా ఒకేలా లేదు. ఇటలీ, జపాన్ లాంటి దేశాల్లో బలంగా కనిపించింది, బ్రిటన్‌లో దాదాపు కనిపించలేదు. మొత్తం మీద లైకెన్ ప్లానస్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి హెపటైటిస్ సి ఉండదు. కాబట్టి చారలు చూసి కాలేయం పాడైపోయిందని భయపడకండి.

అయినా మీరు ఈ పరీక్ష తప్పకుండా చేయించుకోవాలి. నోటి సమస్య కంటే ముఖ్యమైన కారణం మీ ఉత్తరంలోనే ఉంది, అది చిన్నప్పుడు ఎక్కించిన రక్తం. ఈ వైరస్ రక్తం ద్వారా సోకుతుంది. హెపటైటిస్ సి వైరస్‌ను గుర్తించిందే 1989లో. మీకు రక్తం ఎక్కించిన రోజుల్లో దాన్ని ఈ వైరస్ కోసం పరీక్షించే వీలే లేదు. ఇక కామెర్లు రాకపోవడం, లివర్ ఫంక్షన్ టెస్ట్ నార్మల్‌గా ఉండటం చూసి నిశ్చింతగా ఉండలేం. వైరస్ ఉన్నవాళ్లలో చాలామందికి ఏళ్ల తరబడి ఏ లక్షణమూ ఉండదు, ఆ టెస్టులో చూసే కాలేయ ఎంజైములూ పెరగకపోవచ్చు. ముందు యాంటీ హెచ్‌సీవీ అనే రక్తపరీక్ష చేస్తారు. హెచ్‌సీవీ అంటే హెపటైటిస్ సి వైరస్, దాని మీద శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలు ఉన్నాయా అని ఇందులో చూస్తారు. అది పాజిటివ్ వస్తే, ఎప్పుడో ఒకప్పుడు వైరస్ సోకిందని మాత్రమే అర్థం. ఇప్పుడు ఉందా లేదా అన్నది వైరస్ జన్యుపదార్థాన్ని నేరుగా వెతికే హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్షే తేలుస్తుంది.

ఒకవేళ ఉన్నా, ఇది నయమయ్యే జబ్బు. ఒకప్పుడు ఇచ్చిన ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లతో కొందరిలో లైకెన్ ప్లానస్ ఇంకా ఎక్కువయ్యేది. ఇప్పుడు నోటితో వేసుకునే మాత్రలు సాధారణంగా 8 నుంచి 12 వారాలు వాడితే నూటికి 95 మందికి పైగా వైరస్ పూర్తిగా పోతుంది. అవి మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి పరీక్ష కూడా చేయాలి. వైరస్ పోయాక కొందరిలో నోటి చారలూ తగ్గుతాయి, కొందరిలో అలాగే ఉండిపోతాయి. అందుకే నోటికి వైద్యం విడిగా తీసుకోవాల్సిందే.

మంటకు స్టెరాయిడ్ పేస్టు లేదా జెల్ రాస్తారు. ఆ చోటును శుభ్రమైన గుడ్డతో తడి లేకుండా అద్ది, పలచగా రాసి, అరగంట సేపు ఏమీ తినకండి, తాగకండి. దీనితో నోట్లో ఫంగస్ రావచ్చు కాబట్టి డాక్టర్ చెప్పినన్ని రోజులే వాడండి. కొన్ని బీపీ మాత్రలు, నొప్పి మాత్రల వల్ల కూడా ఇలాంటి చారలే వస్తాయి. మీరు వాడే మందులన్నీ డాక్టర్‌కు చూపించండి, మీ అంతట మీరు ఏదీ మానకండి.

లైకెన్ ప్లానస్ చాలా ఏళ్లు ఉంటే నూటికి సుమారు ఒకరిలో క్యాన్సర్‌గా మారుతుంది. పొగాకు అలవాటుంటే వెంటనే మానేయాలి. మంట తగ్గినా ఆరు నెలలకోసారి నోరు చూపించుకోండి. గట్టిపడిన చోటు గానీ, మూడు వారాలైనా మానని పుండు గానీ కనిపిస్తే అప్పటిదాకా ఆగకుండా వెళ్లండి. మళ్లీ బయాప్సీ (ముక్క తీసి పరీక్షించడం) అవసరం కావచ్చు.