అరవైలో హాస్టలా?

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్నాడు. జూన్‌లో మమ్మల్ని రమ్మంటున్నాడు. పారిస్, స్విట్జర్లాండ్‌లోని ఇంటర్లాకెన్, వెనిస్ చూడాలని ఆశ. హోటల్ రేట్లు చూస్తే గుండె గుభేలుమంది. వాడేమో యూత్ హాస్టల్ తీసుకుంటానంటాడు. అరవై దగ్గరపడ్డాక బంకు మంచాలెక్కడమేంటని మావారు ససేమిరా అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మూడేళ్ల కిందట మావారూ అచ్చం ఇదే మాటన్నారు. ఇంటర్లాకెన్‌లో రైలు దిగి, ఓస్ట్ స్టేషన్ పక్కనే ఉన్న యూత్ హాస్టల్లో అడుగుపెట్టేదాకా ముఖం ముడుచుకునే ఉన్నారు. మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర చూద్దుము కదా, పక్క బల్ల దగ్గర ఆరుగురు తాతలూ బామ్మలూ కొండలెక్కే బూట్లతో కూర్చుని రొట్టెలకు వెన్న రాసుకుంటున్నారు. వాళ్ల ముందు మేమే కుర్రాళ్లం. ఆ తర్వాత ఆయన నోరెత్తితే ఒట్టు.

యూత్ అన్నది పేరులో మిగిలిపోయిన ముక్క. రిఖార్డ్ షిర్మాన్ అనే జర్మన్ బడిపంతులు, కాలినడకన ఊళ్లు తిరిగే పిల్లలు రాత్రిపూట తలదాచుకోవడానికి 1912లో ఆల్టెనా కోటలో పెట్టిన ఏర్పాటు అది. ఇప్పుడు చాలాచోట్ల వయసు అడగరు. ఇద్దరికీ విడిగా గది ఇస్తారు, కొన్నిట్లో బాత్రూమ్ కూడా గదిలోనే. కాకపోతే అలాంటి గదులు కొన్నే ఉంటాయి, జూన్ అంటే ముందే అయిపోతాయి. ‘డార్మ్ (పదిమందీ కలిసి పడుకునే గది) కాదు, ఇద్దరి గది’ అని మీవాడికి ఇవాళే చెప్పండి. స్విస్ హాస్టళ్లలో దుప్పట్లు, పొద్దుటి టిఫిన్ అద్దెలోనే కలిసి ఉంటాయి, తువ్వాలు మాత్రం మీదే. యూత్ హాస్టల్ సంఘంలో సభ్యత్వం లేనివాళ్ల దగ్గర రాత్రికింతని అదనంగా తీసుకుంటారు. మన యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా కార్డు అక్కడా చెల్లుతుంది కనుక ఇక్కడే తీసుకుని బయల్దేరండి. రిసెప్షన్‌లో గెస్ట్ కార్డు అడగడం మరచిపోకండి. ఇంటర్లాకెన్‌లో దాంతో లోకల్ బస్సులు ఉచితం. బాసెల్‌లో, జెనీవాలో ఒక్క రాత్రి బస చేసినా సిటీ ట్రాములకు టికెట్ కొనక్కర్లేదు.

పారిస్‌లో మాత్రం నేను ధర చూసి బోల్తా పడ్డాను. గార్ ద్యు నోర్ స్టేషన్‌కు దగ్గర్లో, అన్నిటికంటే చవగ్గా ఒక గది కనిపించింది. ఐదో అంతస్తు. లిఫ్ట్ సంగతి వాళ్లూ చెప్పలేదు, నేనూ అడగలేదు. వెళ్లి చూస్తే పాము చుట్టలాంటి చెక్కమెట్లు, ఒక మనిషి పట్టేంత వెడల్పు. ఇరవై మూడు కిలోల పెట్టెను ఆయన కిందనుంచి తోస్తుంటే నేను పైనుంచి లాగాను. నాలుగో మలుపులో గోడకు ధడేలుమని తగిలింది. గదిలోకెళ్లి తెరిచేసరికి ఆవకాయ సీసా పగిలి, నూనంతా ఆయన తెల్లచొక్కాలకు పట్టేసింది. ఆ చొక్కాల్లో ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో స్కూటర్ తుడిచే గుడ్డ. అప్పట్నుంచి ఏ గది చూసినా ముందు లిఫ్ట్ ఉందా అని వెతుకుతాను, తర్వాతే ధర. ఆ పేట మీద మాత్రం నాకు కోపం లేదు. నాలుగడుగులు వేస్తే లా షపెల్‌లో శ్రీలంక తమిళుల దుకాణాలు, వేడి ఇడ్లీ సాంబారు. జేబుదొంగలూ ఉంటారు, చేతిసంచి ముందుకేసుకోండి.

పారిస్ నడిబొడ్డునే ఉండాలన్న పట్టింపు కూడా వద్దు. 2025 జనవరి నుంచి మెట్రో, రైలు టికెట్ ఊరి మధ్యనైనా శివారునైనా ఒకే ధర, విమానాశ్రయాలకు మాత్రం వేరు. స్టేషన్‌కు ఐదు నిమిషాల నడకలో ఉన్న శివారు హోటల్ నాకైతే మేలు.

వెనిస్‌కైతే రెండో ఆలోచన లేకుండా, నీళ్లకు ఇవతల ఒడ్డున ఉన్న మెస్త్రేలో దిగండి. రైలెక్కితే పది, పన్నెండు నిమిషాల్లో కాలువల ముందుంటారు. పగలు చూసి వెళ్లిపోయేవాళ్ల దగ్గర వెనిస్ 2024 నుంచి కొన్ని రోజుల్లో ప్రవేశ రుసుము తీసుకుంటోంది. మెస్త్రే కూడా వెనిస్ నగరపాలక పరిధిలోదే కాబట్టి అక్కడ బస చేసేవాళ్లు కట్టక్కర్లేదు, మినహాయింపు కోడ్ మాత్రం ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. తలకింత, రాత్రికింత అని టూరిస్టు పన్ను ఎలాగూ ఉంటుంది. చాలాసార్లు అది కౌంటర్లో విడిగా అడుగుతారు, కంగారుపడకండి.

వంటగది ఉన్న చోటు దొరికితే సగం ఖర్చు అక్కడే మిగులుతుంది. తాలింపు ఘాటుగా వేశారో, పొగ అలారం మోగి అంతా కిందికి దిగాల్సొస్తుంది! పొడులు తీసుకెళ్లండి. నెయ్యి సీసా, చికెన్ పచ్చడి మాత్రం వద్దు. పాల, మాంసం పదార్థాలను బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు.

ప్రశ్న: యూరప్ వీసాకు బస చేసే చోటు చూపించాలట. తీరా వీసా రాకపోతే కట్టిన డబ్బు గంగపాలేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గదులే బుక్ చేయండి. ఒక్క రాత్రి కూడా ఖాళీ వదలకండి. కొందరు ఏజెంట్లు అమ్మే ఉత్తుత్తి రిజర్వేషన్ కాగితాల జోలికి పోవద్దు. వీసా వచ్చాక గది మార్చుకున్నా, కొత్త బుకింగ్ కాగితం చేతిలో ఉంచుకోండి, దిగగానే ఇమిగ్రేషన్‌లో అడగొచ్చు. రద్దు గడువు సాధారణంగా అక్కడి టైమ్ ప్రకారం లెక్క. వేసవిలో పారిస్ కంటే మన గడియారం మూడున్నర గంటలు ముందుంటుంది.